ఆ లోకంలో మా చావడి ఎక్కడ?

కంప్యూటర్ల లోపల ఉమ్మడి లోకాలు కడుతున్నామంటున్నారు. ఎవరైనా రావచ్చట, ఏ రూపంలోనైనా తిరగొచ్చట. మతం లేదు, కులం లేదు, సరిహద్దు లేదట. ‘మతం లేదు’ అనే మాట మాకు కొత్త కాదు. ఆధునిక తెలుగు సాహిత్యమూ అదే చెప్పింది. తీరా లోపలికెళ్ళి చూస్తే మేము కనబడలేదు. అందుకే ఈ లోకాల్నీ అదే ప్రశ్న అడుగుతాం. ఎవరు కట్టారు? ఎవరి కొలతతో కట్టారు? వాళ్ళకు కావలసింది మేమా, మా సమయమా?

1986లో అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ సంస్థ ‘హాబిటాట్’ అనే లోకాన్ని పరీక్షకు పెట్టింది. కమొడోర్ 64 కంప్యూటర్లను టెలిఫోను తీగల మీద కలిపారు. దాన్ని కట్టిన చిప్ మార్నింగ్‌స్టార్, రాండల్ ఫార్మర్ వారాల తరబడి ఒక నిధి వేట తయారుచేశారు. ఒక ఆటగాడు కొద్ది గంటల్లోనే దాని గుట్టు విప్పాడు. పైన కూర్చుని లోకానికి ప్రణాళిక వెయ్యలేమనీ, జనం ఏం చేస్తున్నారో చూసి వాళ్ళ వెనక నడవాలనీ 1990లో ఆ ఇద్దరే చెప్పారు. అక్కడ చంపడం నేరమా, ఆటా అని తగాదా వచ్చింది. ఆటగాళ్ళలో ఉన్న ఒక గ్రీకు ఆర్థడాక్స్ మతగురువు ఆయుధం పట్టనివాళ్ళకోసం లోపలే చర్చి తెరిచాడు. చివరికి పట్నం లోపల ఆయుధాలు పనిచెయ్యకుండా చేశారు. ఆ లోకాన్ని బతికించింది బొమ్మలు కాదు, ఈ తగాదా.

ఈ సంగతి తెలుసుకోవడానికి మా పెద్దమందడి వైపు ఊళ్ళకు కంప్యూటరు అక్కర్లేదు. మొహర్రం కర్బలా శోకం. పాలమూరు పల్లెల్లో అదే ఊరందరి పీర్ల పండుగ. సాయిబుల ఇళ్ళు ఒకటో రెండో ఉన్న ఊళ్ళోనూ పీర్లు లేస్తాయి. అలావ తవ్వేవాడు ఒకడు, డప్పు కొట్టేవాడు ఒకడు, పీరునెత్తేవాడు ఒకడు, మలీదా తెచ్చేది ఇంకొకరు. ప్రతివాడికీ అక్కడ పని ఉంది, ఆ పనికి పేరుంది. అందులో కులం లేదంటే అబద్ధం. డప్పు ఎవరి భుజాన పడిందో మాకు తెలుసు. పీర్లు ఇస్లాం కాదనేవాళ్ళు మాలోనే ఉన్నారు. అయితే ఆ వాదం చావడి ముందే జరుగుతుంది, వాదించేవాడూ ఊరివాడే.

కొత్త లోకాలకు ఆ చావడి లేదు. రోజూ వస్తే బహుమతి, ఒకరోజు తప్పితే నష్టం. దీన్ని ఆకర్షణ అంటున్నారు, మేము ఎర అంటాం. 2020 జూన్‌లో పబ్జీ మొబైల్ ఒక విగ్రహం ముందు మొక్కితే బలం వచ్చేలా ఆట తెచ్చింది. గల్ఫ్ ముస్లిం ఆటగాళ్ళు అభ్యంతరం చెప్పాక క్షమాపణ చెప్పి తీసేసింది. 2021 నవంబరులో ‘కాల్ ఆఫ్ డ్యూటీ: వాన్‌గార్డ్’లో ఖురాన్ పుటలు నేలమీద కనిపించాయి. అప్పుడూ క్షమాపణే. తీసెయ్యడం మంచిదే. కానీ గీసే గదిలో అడిగే మనిషి ఉంటే ఆ బొమ్మ పడేదే కాదు. గల్ఫ్ బజారు పెద్దది కనుక విన్నారా? అయితే బజారు లేని పల్లె సాయిబు మాట ఎవరు వింటారు? విగ్రహానికి మొక్కనన్న పిల్లవాడి మాటే కాదు, డప్పు కొట్టనన్న పిల్లవాడి మాట కూడా వినే చోటు ఉండాలంటున్నాం.

2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. దేశభద్రత కారణమన్నారు. ఆ ఉత్తర్వు మంచిచెడ్డలు వేరే చర్చ. అందులో కలిసి తిరిగిన పిల్లలకు తమ గుంపును మరోచోటికి మోసుకుపోయే హక్కు లేకపోవడమే మా బాధ. ఊరు పోతే పీర్లను ఎత్తుకుని కొత్త ఊళ్ళో నిలుపుకుంటాం. కంపెనీ లోకం మూతపడితే ఏమెత్తుకుపోవాలి?

2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం అంతరిక్ష సాంకేతిక విధానాన్ని మెటావర్స్‌లో ఆవిష్కరించింది. ఆకాశం దాకా పోయిన ఆ చూపు మా చావడి దాకా రావాలి. మా బొమ్మను కూడా గీయమని మేము బతిమాలడం లేదు. నియమం రాసేచోట కూర్చుంటామంటున్నాం. కాదనగలిగే చోటు లేనిది ఉమ్మడి లోకం కాదు, బజారు మాత్రమే.