వడ్డించేవాడు మనవాడైతే

హైదరాబాద్‌లో ఖర్చు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు, మంచి రెస్టారెంట్ ఒకటి చెప్పండి అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఒకరికి పెళ్లిరోజు, ఒకరికి నాన్నగారి షష్టిపూర్తి, మరొకరికి డాలస్ నుంచి దిగిన తమ్ముడు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ‘అదా’, తాజ్ కృష్ణాలో ‘ఫిర్దౌస్’, ఐటీసీ కోహినూర్‌లో ‘దమ్ పుఖ్త్ బేగమ్స్’, ఐటీసీ కాకతీయలో ‘దక్షిణ్’, గండిపేటలో మినార్ మీద కూర్చోబెట్టి భోజనం పెట్టే ‘జ్యువెల్ ఆఫ్ నిజాం’. ఈ పేర్లు తడుముకోకుండా చెబుతాను. కానీ అక్కడ కట్టే డబ్బు దేనికో తెలిసి వెళితే ఆ పూట దక్కే సంతోషం వేరు. అందుకే ఈ వారం ఈ మాట.

నా లెక్కలో ఆ డబ్బు వడ్డనకు. వంటకు కాదా అంటే, కొంత వంటకూ ఉంది. అయితే కచ్చీ బిర్యానీ, మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ పాతబస్తీలో చాలా తక్కువ ధరకే దొరుకుతాయి, కొన్నిచోట్ల ఇంకా బాగుంటాయి కూడా. హలీమ్ సంగతికొస్తే, రంజాన్ నెలలో భట్టీ పక్కన నిలబడి తిన్నదే హలీమ్. పెద్ద రెస్టారెంట్ ప్రత్యేకంగా ఇవ్వగలిగింది వేరే ఉంది. వేడిగా తినాల్సింది వేడిగా, కావాల్సిన సమయానికి, అడగకముందే, ఒకవేళ అడిగినా మనల్ని చిన్నబుచ్చకుండా ముందుకు రావడం. ఇది తేలికనుకునేవాళ్లు ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టి ఒక్క చేత్తో వడ్డించి చూడాలి.

ఫలక్‌నుమాలో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉంది. ‘పైగా’ వంశపు ప్రభువు, తర్వాత హైదరాబాద్ దివాన్ అయిన వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన భవనం అది. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 2010 నుంచి తాజ్ హోటల్‌గా నడుస్తోంది. ఇప్పుడు ఆ బల్ల మీద ప్రత్యేక విందులు మాత్రమే జరుగుతాయి. చూడటానికి వచ్చినవాళ్లు బల్ల పొడవు చూసి, షాండ్లియర్లు చూసి ఫొటోలు తీసుకుంటారు. నాకు మాత్రం ఆ గదిలో నిలబడ్డప్పుడల్లా 101 కుర్చీల వెనక నిలబడిన మనుషులు గుర్తొస్తారు. మొదటి అతిథికి, నూటొకటో అతిథికి సూప్ ఒకే వేడితో చేరాలి. ఒకరి ప్లేటు ఖాళీ అయినా పక్కవాళ్లు తింటున్నంతసేపూ దాన్ని తీయకూడదు. ఇన్ని కళ్లు ఒకేసారి కదలాలి. ఆ భవనం గురించిన పుస్తకాల్లో ఇటలీ పాలరాయి గురించి ఉంటుంది, ఆ మనుషుల పేర్లు ఉండవు.

ఇలా వరసగా వడ్డించడం మొదటినుంచీ ఉన్నదేమీ కాదు. యూరప్‌లోనే ఒకప్పుడు వంటకాలన్నీ ఒకేసారి తెచ్చి బల్ల నిండా పరిచేసేవాళ్లు. ఎవరికి అందింది వాళ్లు తీసుకునేవాళ్లు. ఒకటి తర్వాత ఒకటి తెచ్చి పెట్టే రష్యన్ పద్ధతి 19వ శతాబ్దంలో పారిస్‌కు వచ్చి, మెల్లగా పెద్దింటి భోజనాలన్నిటికీ పాకింది. ఈనాటి ‘కోర్సులు’ అక్కడ పుట్టినవే. మన విస్తరి ఈ రెండు పద్ధతులనూ కలుపుకుంది. కూరలు, పచ్చళ్లు, ఊరగాయ, అప్పడం ముందే వచ్చి తమ తమ చోట్లలో కూర్చుంటాయి. ఆ తర్వాత అన్నం విడతలుగా నడుస్తుంది. పప్పూ నెయ్యీ, ఆపైన కూర, పులుసు, చారు, చివరికి పెరుగు. ఈ వరసలో ఒక తెలివి ఉంది. ఆకలి మీద ఉన్నప్పుడు బరువైనది, కడుపు నిండేకొద్దీ పలచనిది, చల్లనిది.

ఈ వరస నడవాలంటే వడ్డించేవాడికి పని తెలియాలి. మా ఊళ్లో పెళ్లిళ్లకు వడ్డనకని ప్రత్యేకంగా పిలిచే ఒక పెద్దాయన ఉండేవారు. బంతిలో నడుస్తూ ఆయన మనుషుల ముఖం చూసేవారు కాదు, విస్తరి చూసేవారు. పులుసులో ముక్కలు మిగిల్చి పులుసే తింటున్నది ఎవరు, నెయ్యి వద్దని చెయ్యి అడ్డం పెట్టినా ముద్ద పొడిగా ఉన్నది ఎవరికి, మొహమాటానికి లేవబోతున్నది ఎవరు, అన్నీ ఆయనకు విస్తరిలోనే కనిపించేవి. కుర్రాళ్లు బకెట్లతో పరుగులు తీస్తుంటే వాళ్ల వెనక ఆయన నింపాదిగా వచ్చి, వాళ్లు వదిలేసిన చోట వడ్డించేవారు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మన సామెత. అందరూ ముచ్చటగా వాడతారు గానీ, అందులో చేదు చాలా ఉంది. వడ్డించేవాడు మనవాడు కాకపోతే కడబంతివాడి గతి ఏమిటో కూడా అదే చెబుతోంది. నేతి గిన్నె ఒకరి దగ్గర ఒంగి ఇంకొకరి దగ్గర ఆగకుండా సాగిపోవడం చూడనివాళ్లెవరు? అసలు మన బంతుల్లో అందరినీ కూర్చోనిచ్చారా? కులం పేరు చెప్పి వేరే బంతి వేసినవాళ్లం, కొందరికి ఆ బంతి కూడా వెయ్యనివాళ్లం. రెస్టారెంట్‌కు నేను ఇచ్చే పెద్ద గౌరవం ఇక్కడే. అక్కడ ఎవరు ఎవరి పక్క బల్లకు కూర్చున్నా అడిగేవాడు లేడు. ధర అనే గోడ ఉంది, అది చిన్న గోడేమీ కాదు. కానీ ఆ గోడ దాటి వచ్చిన ప్రతివాడూ లోపల మనవాడే కావాలి. పరిచయం లేనివాడికి, ఇంగ్లిష్ రానివాడికి, మెనూ చూసి కంగారుపడేవాడికి అక్కడ ఏం దక్కిందన్నదే ఆ చోటికి నేను పెట్టే పరీక్ష.

ఈ పరీక్షలో తప్పిన చోట్లు చూశాను. జూబ్లీహిల్స్‌లో పేరున్న ఒక చోటికి మా పెద్దమ్మను తీసుకెళ్లాను. చేనేత చీర, చేతిలో గుడ్డసంచి. ఆమె గోరువెచ్చని నీళ్లు అడిగితే, బాటిల్ నీళ్లు ఏ బ్రాండువి కావాలని ఇంగ్లిష్‌లో నన్ను అడిగాడు ఆ అబ్బాయి. ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు. వంట బాగుంది, ప్లేట్లు బొమ్మల్లా ఉన్నాయి. పెద్దమ్మ మాత్రం చిన్నబోయింది. ఆ చోటుకు మళ్లీ వెళ్లలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

నెగ్గిన చోట్లు కూడా ఉన్నాయి. అదే పెద్దమ్మతో ఇంకోసారి, ఇంకోచోట. కెప్టెన్ వచ్చి ముందు ఆమెకే నమస్కారం పెట్టి, “అమ్మా, కారం ఎలా తింటారు?” అన్నాడు. మేం పత్తర్ కా గోష్త్ చెప్పబోతుంటే, ఆమె పళ్ల సంగతి గమనించాడో ఏమో, మెత్తగా ఉండే షికంపూరీ కబాబ్ ఆమెకు బాగుంటుందన్నాడు, పక్కన దాల్చా పెట్టించాడు. ఖుబానీ కా మీఠా వచ్చినప్పుడు, పైన వేసిన పప్పులు బాదం కావనీ, ఖుబానీ గింజల్ని పగలగొట్టి తీసినవేననీ ఆమెకు చెప్పాడు. మా పెద్దమ్మ ఇప్పటికీ ఆ గింజల కథ ఇంటికొచ్చిన వాళ్లకు చెబుతుంది.

ఆ కెప్టెన్‌కు అదంతా గాలిలోంచి రాలేదు. విద్యానగర్‌లోని ఐహెచ్‌ఎం లాంటి హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఏళ్ల తరబడి నేర్పే పని ఇది. ఒక్క చేత్తో స్పూను, ఫోర్కు పటకారులా పట్టుకుని పళ్లెంలోంచి తీసి ఎడమవైపు నుంచి వడ్డించడం అలవాటు కావాలంటేనే ఎంతో సాధన కావాలి. అతిథులు రాకముందే గ్లాసులు తుడిచి, న్యాప్‌కిన్లు మడిచి, ఆ రోజు వంటింట్లో ఏముంది, ఏది అయిపోయింది అన్నది షెఫ్ దగ్గర విని రావాలి. ఆర్డర్ రాసిన చీటీ (కేఓటీ) లోపలికి పంపాక, ఏ బల్ల ఎంతవరకు తిందో చూసి తర్వాతి వంటకం ఎప్పుడు మొదలుపెట్టాలో వంటింటికి చెప్పేది కూడా బయట నిలబడ్డ ఇతనే. షెఫ్ చేతి గొప్పదనం ఇతని కంటి చూపు మీద ఆధారపడి ఉంటుంది. దమ్ పుఖ్త్ వంటను హోటళ్లకు తెచ్చి నిలబెట్టిన ఇంతియాజ్ ఖురేషీకి 2016లో పద్మశ్రీ వచ్చింది. ఎంతో న్యాయమైన గౌరవం. వడ్డించినవాడికి అలాంటిది వచ్చిందని నేనెక్కడా వినలేదు.

మిషెలిన్ స్టార్లున్న చోటేదైనా ఉందా అనీ అడుగుతుంటారు. ఫ్రాన్స్‌లో టైర్ల కంపెనీ 1900లో మొదలుపెట్టిన గైడ్ అది, 1926 నుంచి స్టార్లు ఇస్తోంది. మన దేశానికి ఆ గైడ్ ఇంకా రాలేదు. వాళ్ల ఇన్‌స్పెక్టర్లు ఎవరో చెప్పకుండా మామూలు మనుషుల్లా వెళ్లి, తిని, బిల్లు కట్టి వస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. అయితే స్టారు ఇచ్చేటప్పుడు ప్లేటులో ఉన్నదాన్నే చూస్తామని, వడ్డనను లెక్కలోకి తీసుకోమని వాళ్లే చెబుతారు. అది నాకు మింగుడుపడదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. నిజాం వంటకు ఈ ఊళ్లో మహల్ దొరికింది, 2019లో యునెస్కో హైదరాబాద్‌ను వంటకళల సృజనాత్మక నగరంగా గుర్తించింది. మరి ఉలవచారు, గోంగూర మాంసం, బొమ్మిడాయిల పులుసు, సర్వపిండి? వీటికి దక్కింది బఫే బల్ల మీద మూతల కింద ఒక మూల, లేదా అన్నీ ఒకేసారి తెచ్చి పడేసే థాలీ. ‘దక్షిణ్’ దక్షిణాది రాష్ట్రాల వంటల్ని అరటాకు మీద శ్రద్ధగా పెడుతుంది, అందులో మనకు ఒక వాటా. చెన్నైలో ఐటీసీ గ్రాండ్ చోళాలోని ‘ఆవర్తన’ ఇంకా ముందుకు వెళ్లి చారుకే పెద్దపీట వేసింది. గాజు గ్లాసులో పోసిన ఆ చారు కోసం ఎక్కడెక్కడినుంచో వస్తారు. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ ఖరీదైన రెస్టారెంట్ కాదు, కానీ కొసరి కొసరి వడ్డించడమే దాని పేరు నిలబెట్టింది. ఆ కొసరుతో, ఆ ఓపికతో, తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర, మన వరస తప్పకుండా, పులుసుకూ చారుకూ మధ్య కాస్త ఊపిరి తీసుకోనిచ్చి వడ్డించే ఒక తెలుగు భోజనశాల హైదరాబాద్‌లో రావాలి. వండేవాళ్లకు కొరత లేదు. వడ్డన నేర్పడానికి డబ్బు పెట్టే యజమాని కావాలి.

ఇక వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. ఫలక్‌నుమాకు ముందే బల్ల బుక్ చేసుకోవాలి, లేకుంటే గేటు దగ్గరే ఆగిపోతారు. వీలైతే శని, ఆదివారాలు వదిలేయండి, వడ్డించేవాడికి మీ కోసం సమయం ఉంటుంది. అన్నీ ఒకేసారి ఆర్డర్ చేయకండి. పెద్దవాళ్లున్నారని, కారం పడదని, ఎంత ఆకలి ఉందన్నదీ దాచకుండా చెప్పండి. అలాంటివి చెబితే పరువు పోదు, అతని పని తేలికవుతుంది. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో జీఎస్టీ 18 శాతం, మామూలు రెస్టారెంట్లలో 5 శాతం. ఆ తేడా మనసులో పెట్టుకుని వెళ్లండి. సర్వీస్ ఛార్జి తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇచ్చినా అది మీకు వడ్డించిన మనిషికే చేరుతుందన్న హామీ లేదు, అతనికని ఇవ్వాలనుకున్నది అతని చేతికే ఇవ్వండి.

బిల్లుతో పాటు అభిప్రాయం రాయమని కాగితం ఇస్తారు. చాలామంది బిర్యానీ గురించి రెండు ముక్కలు రాసి లేచిపోతారు. మీకు బాగా వడ్డించిన మనిషి పేరు అడిగి, ఆ కాగితం మీద రాయండి, వెళ్తూ మేనేజర్‌కు కూడా ఆ పేరు చెప్పండి.