వాయిలి బరిగె

మంగళవారం పొద్దున్నే ఆకేరు వాగు ఒడ్డున ఒక పెద్దాయన మీద గొంతు పెంచాను. డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో కొడవలి, పక్కన వాయిలి బరిగెల మోపు. పొదను నేల దాకా కోసేశాడు. నీళ్ల ఒడ్డున పెరిగేదాన్ని ఎవరూ ముట్టుకోవద్దని ఈ కాలమ్‌లో ఎన్నేళ్లుగా రాస్తున్నానో మీకు తెలుసు. వాగులోకి జేసీబీ దిగిందని తెలిసినప్పుడల్లా రాశాను. కొడవలి కనబడగానే ఆ మాటే నోట్లోంచి వచ్చింది.

"ఎందుకు నరుకుతున్నవ్ తాతా? ఈ చెట్లే గదా ఒడ్డును పట్టుకున్నయ్."

ఆయన చెయ్యి ఆపలేదు. "నరుకుతలేను బిడ్డా, కోస్తున్న" అన్నాడు.

ఆ రెంటికీ తేడా తెలియడానికి నాకు ఆ పూటంతా పట్టింది.

నేను వాగుకు పోయిందే కోపంతో. కాస్త ఎగువన ఒడ్డును నున్నగా చెక్కేశారని ఎవరో చెప్పారు. చూస్తే నిజమే, పచ్చటి ఆకు ఒక్కటి లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో ఆకేరు, మున్నేరు పొంగి ఊళ్ల మీద పడ్డాక, ఆ వరద తెచ్చింది ఒడ్డున ఉన్న పొదలే అన్నట్టు మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు. పొదలన్నీ ఒకటి కావు. వాయిలి వరదొస్తే పడుకుంటుంది. నీళ్లు దాని వీపు మీంచి పోతాయి, తీశాక లేచి నిలబడుతుంది. లేచేసరికి దాని కాళ్ల దగ్గర ఇంత ఒండ్రు చేరి ఉంటుంది.

దాని చుట్టూ ఉండే బలగం కూడా అలాంటిదే. నీటి అంచున తుంగ, జమ్ము. ఇసుక మేటల మీద రెల్లు. కాస్త ఎత్తున వాయిలి, ఈత. వెనకాల కానుగ, పేరులోనే ఏరును పెట్టుకున్న ఏరుమద్ది. ఎవరూ నాటిన వరస కాదది. ఎవరికి ఎంత తడి కావాలో, ఎంత వరద ఆగగలరో దాన్నిబట్టి వాటికవే నిలబడ్డాయి. గిజిగాడు రెల్లు ఆకును చీల్చి పోగులు తీసుకుపోయి, నీళ్ల మీదికి వాలిన ఈత మట్టకు గూడు కడతాడు. రెల్లు పోయినా, ఈత పోయినా ఆ గూడు లేదు.

సర్కారు తుమ్మ సంగతి వేరు. జమైకా గింజలు తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. అక్కడి నుంచి అది పాకని వాగు లేదు. అది వంగదు. ముళ్ల కొమ్మలకు చెత్తంతా తగులుకుని వాగు నడుమ అడ్డుకట్ట అవుతుంది. దాన్ని వేళ్లతో పీకినా, నీళ్లు నిలిచేచోట కమ్ముకున్న లొట్టపీసును పీకినా నేను అడ్డు చెప్పను. నా బాధల్లా, ఆ పీకుడులో వాయిలి కూడా పోతున్నందుకే.

ఇదంతా ఆయనకు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. తర్వాత మోపులోంచి ఒక బరిగె లాగి, ఆకు దూసి, తన మణికట్టుకు రెండు చుట్లు చుట్టాడు. విరగలేదు. పక్క పొదలోంచి ఇంకోటి తెంపి చుట్టబోతే సగంలోనే పటుక్కుమంది. మొదటిది ఈ వానలకు వచ్చిందట, చిటికెన వేలంత లావున, గణుపు దగ్గర కూడా చీలకుండా నిటారుగా ఉంది. రెండోది మూడేళ్లుగా ఎవరూ కోయని పొదలోది.

"కోస్తెనే కొత్త బరిగె వస్తది. ఇడిసిపెడ్తె మండలు పెట్టి ముసల్దయితది. లోపట ఎండిపోయి సందు పడ్తది. ఆ సందులకెల్లి తుమ్మ లేస్తది" అన్నాడు. నిజమే, ఎదురుగానే ఉంది. ఆయన ఏటా కోసే జాగాలో వాయిలి గోడలా చిక్కగా ఉంది. కోయడం మానేసిన చోట పొద నడుమ బోసిపోయి, అందులోంచి సర్కారు తుమ్మ తల ఎత్తింది.

అప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా తమ్ముడు పుట్టినప్పుడు నాకు ఏడేళ్లు. రోజూ పొద్దున ఈ వాగు ఒడ్డు నుంచే వాయిలాకు తెచ్చే పని నాది. అయిదు వేళ్లు చాపిన చెయ్యిలా ఉండే ఆకు. పైన పచ్చన, తిప్పితే బూడిద రాసినట్టు తెలుపు. ఆకులు దూసుకొస్తే నాయనమ్మ ఒప్పుకునేది కాదు, "మండలు కోసుకరా" అనేది. ఇత్తడి కాగులో అవి మసిలి నీళ్లు కషాయం రంగుకు తిరిగేవి. ఆ ఘాటు వాసన ఇంటినిండా ఉండేది. అమ్మను పీట మీద కూర్చోబెట్టి, ఓర్చుకోగలిగినంత వేడిగా నడుము మీద పోసేది. బాలింత వాసనంటే నాకు ఇప్పటికీ అదే. ఆకు దూసిన బరిగెల్ని పారేసేది కాదు, తాత కోసం ఎంచి పక్కన పెట్టేది. తాత వాటితో తట్టలల్లేవాడు. మా ఇంటి మూల నిలబడ్డ వడ్ల గుమ్మి కూడా వాయిలిదే. లోపలా బయటా పేడతో అలికి, వడ్ల మధ్య పురుగు పట్టకుండా ఎండిన వాయిలాకు పరిచేవాళ్లు. ఈ మొక్కకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో మొదటి మాట 'విటెక్స్'. లాటిన్‌లో అల్లడం అనే మాట నుంచి వచ్చిందంటారు. లిన్నేయస్ 1753లో మన వాయిలిని ఆ పేరు కిందే చేర్చాడు.

ఇంటికి ఒక బాలింత, గడపకు రెండు తట్టలు, మూలకో గుమ్మి. లెక్కేస్తే మా ఊరివాళ్లు ఆ వాగు ఒడ్డును ఏటా కోస్తూనే ఉన్నారు. నేను చిన్నప్పుడు చూసిన చిక్కటి ఒడ్డు, నేను ముట్టుకోవద్దని ఇన్నాళ్లూ రాసిన ఒడ్డు, ఆ కోతల్లోంచి వచ్చిందే. ప్లాస్టిక్ టబ్బు, సిమెంటు సంచి వచ్చాయి, కొడవలి వెనక్కి పోయింది. ఎవరికీ అక్కరకు రాని పొద అయ్యాకే దానిమీదికి జేసీబీ వచ్చింది.

కాబట్టి ఇన్నేళ్ల నా మాటను ఇక్కడ దిద్దుకుంటున్నాను. జేసీబీ వద్దు, ఇప్పటికీ వద్దు. అది వేరును తీస్తుంది, వేరు పోయాక ఒడ్డును పట్టుకునేది లేదు. కానీ కంచె వేసి వదిలెయ్యమని ఇక రాయను. కోసేవాళ్లు రావాలి. తట్ట కొనేవాళ్లు రావాలి. వాగు పనులకు లెక్కలు కట్టేవాళ్లు, ఏది పీకాలో ఏది కోయాలో ఆ ఊళ్లో తట్టలల్లేవాళ్లను అడిగి రాసుకోవాలి.

పెద్దాయనకు క్షమించమని చెప్పాను. ఆయన దానికేం అనలేదు, కొడవలి నా చేతికిచ్చాడు. మడమ ఎత్తున, ఏటవాలుగా, ఒక్క వేటుకు తెగాలి అన్నాడు. పది బరిగెలు కోశాను. ఒక్కొక్కటీ మణికట్టుకు చుట్టి చూసి, ఏడు మోపులో పెట్టాడు. మూడు వాగులోకి విసిరేశాడు.