నిలువురాళ్ళు ఎవరివి? — ఒక విమర్శ

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007 వరకు కోలారు జిల్లాలోనివి. ఇచ్చటి పెక్కు పల్లెలలో ఇంటిమాట తెలుగు, కచేరిమాట కన్నడము. ఈ సీమలోని ప్రాచీన శిలలను గూర్చి రెండు అభిప్రాయములు వినవచ్చుచున్నవి. అవి పాండవులు కట్టిన గుళ్ళనునది మొదటిది. అవి మన భాషవారి పూర్వులు నిలిపినవి కావున ఈ నేల మనదనునది రెండవది. మొదటిది విశ్వాసము, రెండవది వాదము. విశ్వాసమును వినవలెను, వాదమును పరీక్షింపవలెను.

నిలిచియున్న రాయి యెల్ల ఒక్క తెగది కాదు. వీరుడు, ఆయుధము, గుఱ్ఱము చెక్కియున్నచో అది చరిత్రకాలపు వీరగల్లు. పొలిమేరరాయి వేఱు. చెక్కడములేని ఏకశిలయు, నాలుగు బండలు నిలిపి పైన కప్పుబండ వేసి, ఒకదానికి గుండ్రని కంత తొలిచిన గూడును ఇనుపయుగపు స్మారకములు కావచ్చును. 1947లో బ్రహ్మగిరిని త్రవ్వించిన మార్టిమర్ వీలర్ ఇట్టివానిని క్రీ.పూ. రెండవ శతాబ్ది మొదలుకొని లెక్కించెను. పిమ్మట హళ్ళూరులో జరిగిన కర్బన పరీక్షలు దక్షిణమున ఇనుపయుగమును క్రీ.పూ. 1000 ప్రాంతమునకు జరిపినవి.

కన్నడమునకు తొలి శాసనముగా నెన్నబడు హల్మిడి శాసనము క్రీ.శ. 450 ప్రాంతముది, తెలుగున కలమళ్ళ శాసనము 575 ప్రాంతముది. ఈ శిలాచారము మొదలైన నాటికిని ఈ శాసనములకును నడుమ వేయేండ్లకు పైబడిన ఎడమున్నది. అక్షరము లేని రాతిచేత తెలుగు పలికించుట యెంత తప్పో, కన్నడము పలికించుటయు నంతే తప్పు.

ఇక పేరుల సంగతి. తెలుగువారు వీనిని రాకాసిగుళ్ళందురు. హిరేబెణకల్లు ప్రాంతపు కన్నడిగులు మోరియరను మరుగుజ్జుల ఇండ్లందురు. అంత బండ నెత్తుటకు రాక్షసుడు కావలెను. అంత చిన్న కంతలో దూఱుటకు మరుగుజ్జు కావలెను. ఇరువురును రాతిని చక్కగా చూచినవారే. చింతామణి తాలూకాలోని కైవారమే ఏకచక్రపురమనియు, భీముడు బకాసురుని చంపినది అచ్చటనే యనియు జనశ్రుతి గలదు. కావున పాండవుల పేరు ఈ సీమలో సులభముగా నాటుకొన్నది. ఈ పేరులు రాయి నిలిపినవారిని తెలుపవు. తరువాతివారు దానితో నెట్లు కాపురముండిరో తెలుపును.

అదియు అల్పము కాదు. తెలంగాణములోని ముడుమాలలో గ్రామస్థులు ఈ శిలలను నిలురాళ్ళ తిమ్మప్ప యని కొలిచిరి, ఒకదానిని ఎల్లమ్మగా పూజించిరి. 2025లో ఆ స్థలము యునెస్కో తాత్కాలిక జాబితా కెక్కినది. మ్రొక్కిన రాతిపై సుత్తి వేయుటకు పల్లెవాడు జంకును. పేరు మఱచిన రాయి క్వారీవానికి వట్టి రాయి. మన జిల్లాలో క్వారీలు కొఱత కాదు.

కావున స్వత్వవాదము విడిచి, జాబితా వ్రాయుదము. ఊరు, సర్వే నంబరు, ఎత్తు, చెక్కడము కలదా లేదా, వృద్ధులు చెప్పు పేరు — తెలుగునను కన్నడమునను — వ్రాసి పురావస్తుశాఖకు పంపవలెను. రెండు భాషలు వచ్చిన మన బడిపిల్లలకు ఇది చేతనైన పని. అవ్వ తెలుగున చెప్పిన పేరు కన్నడ దస్తరములోనికి చేరుటకు వారికంటె తగిన దారి మఱొకటి లేదు.