రోజుకు నాలుగు వాక్యాలు

మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరారు. 1831 సెప్టెంబరులో ఇల్లు చేరేదాకా దినచర్య రాస్తూనే ఉన్నారు. హైదరాబాదు దాటి నాగపూర్ వైపు సాగిన ఆయన దారిలో మన మేడ్చల్ కూడా ఉంది. మజిలీల మధ్య దూరమెంత, బాట ఎలా ఉంది, మంచినీళ్లున్నాయా, అంగళ్లలో ఏం దొరుకుతుంది: ఇలాంటి మామూలు సంగతులే ఓపిగ్గా రాసుకున్నారు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై వాటిని 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించారు. ఆనాటి ఊళ్లు మన కళ్లకు కట్టేది ఆ నిలకడ వల్లే. ప్రయాణపు బడలికలోనూ కలం వదలకపోవడం గొప్ప పనితనం.

ఏళ్ల తరబడి డైరీ రాయాలనుకునేవారికి ఆయనకన్నా మంచి గురువు లేరు. మేడ్చల్, శామీర్‌పేటల్లో పొలాలు వెంచర్లుగా మారిపోతున్న ఈ రోజుల్లో రాయడానికి సంగతులకు కొదవ లేదు. శామీర్‌పేట చెరువు నీళ్లు ఎంతవరకు వచ్చాయి, ఏ చేనులో హద్దురాళ్లు పాతారు, సంతలో టమాటా ధరెంత, ఇంటికి ఎవరొచ్చారు: తేదీ వేసి నాలుగు వాక్యాలు రాస్తే చాలు. భావోద్వేగాలు వాటంతటవే వస్తాయి. ఓ రోజు తప్పితే దిగులు పడక మర్నాడు కొనసాగించండి. ఐదేళ్లు రాస్తే అది మీ ఒక్కరిదే కాదు, మీ ఊరి చరిత్ర కూడా. ఈ రాత్రే మొదలుపెట్టండి.