పదమూడు తర్వాత

ప్రతి వరల్డ్ కప్‌లోనూ జస్ట్ ఫాంటెన్ పేరు ఓసారి వినిపిస్తుంది. ఎవరో కుర్రాడు వరసగా గోల్స్ కొడతాడు. వెంటనే 1958లో ఫాంటెన్ కొట్టిన 13 గుర్తుచేస్తారు. కుర్రాడు ఏడు దగ్గరో ఎనిమిది దగ్గరో ఆగిపోతాడు. మళ్ళీ నాలుగేళ్ళ దాకా ఆయన ఊసుండదు.

నేనూ చాలాకాలం ఆయన్ని ఒక అంకెగానే చూశాను. రోజంతా డాష్‌బోర్డుల ముందు కూచునేవాడికి అంకెల మీద గురి ఎక్కువ. పైగా ఇది మామూలు అంకె కాదు. ఆరు మాచుల్లో 13 గోల్స్, అవీ అరువు బూట్లతో! స్వీడన్‌లో తన బూట్లు పాడైతే, జట్టులోని స్టెఫాన్ బ్రూయే బూట్లు తొడుక్కున్నాడు. 2022 నాటికి మెస్సీ అదే 13కి చేరడానికి ఐదు వరల్డ్ కప్పులు, 26 మాచులు పట్టాయి.

కానీ అంకెను విప్పి చూస్తే అన్ని గోల్సూ ఒకే తూకం కాదనిపిస్తుంది. పశ్చిమ జర్మనీ మీద కొట్టిన నాలుగూ మూడో స్థానం కోసం ఆడిన మాచ్‌లోవి. ఆ మాచ్‌లో పెనాల్టీ వస్తే కొట్టింది ఫాంటెన్ కాదు, రేమండ్ కోపా. లెక్క పెంచుకోవాలన్న యావ ఆ జట్టులో లేదనుకుంటాను. నా మటుకు అసలైన గోల్ సెమీఫైనల్లో బ్రెజిల్ మీద కొట్టిన ఒక్కటే. అప్పటిదాకా ఆ టోర్నీలో బ్రెజిల్ ఒక్క గోలూ ఇవ్వలేదు. తొమ్మిదో నిమిషంలో ఫాంటెన్ స్కోరు సమం చేశాడు. తర్వాత డిఫెండర్ జాంకే కాలు విరిగింది. సబ్‌స్టిట్యూట్లు లేని రోజులు. 5-2తో ఫ్రాన్స్ ఓడిపోయింది.

మరాకేష్‌లో పుట్టి, కాసాబ్లాంకా నుంచి నీస్‌కి, కోపా రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళిపోయాక ఆ ఖాళీలో రాన్స్‌కి వచ్చినవాడు ఫాంటెన్. ఫ్రాన్స్ తరఫున 21 మాచుల్లో 30 గోల్స్. 1960లో కాలు విరిగింది, 1961లో మళ్ళీ విరిగింది. 1962లో ఆట ఆపేసేనాటికి వయసు 28.

చాలామంది కథను ఇక్కడే ముగించి "అయ్యో" అంటారు. నా అభ్యంతరం అక్కడే. 1961లో, కాలు బాగవుతుందో లేదో తెలియని రోజుల్లో, ఆయన యూజీన్ ఎన్‌జో లియా లాంటివాళ్ళతో కలిసి వృత్తి ఆటగాళ్ళ సంఘం పెట్టాడు. అప్పట్లో ఫ్రాన్స్‌లో ఒకసారి సంతకం పెడితే 35 ఏళ్ళు వచ్చేదాకా ఆటగాడు క్లబ్బు సొత్తే. అమ్మినా అట్టిపెట్టుకున్నా క్లబ్బు ఇష్టం. మనం మూడు నెలల నోటీస్ పీరియడ్‌కే గింజుకుంటాం! ఆ పద్ధతి మారి, గడువు ఉన్న కాంట్రాక్టులు వచ్చింది 1969లో. అప్పటికి ఫాంటెన్ ఆట మానేసి ఏడేళ్ళు. ఆ మార్పు వల్ల ఆటగాడిగా ఆయనకి ఒరిగిందేమీ లేదు.

2023 మార్చిలో ఆయన పోయినప్పుడు చాలా వార్తల శీర్షికల్లో మళ్ళీ అదే 13. తప్పనను. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు 14 కొడతారు, రికార్డు చెరిగిపోతుంది. ఆ 14 కొట్టినవాడు తనకి నచ్చిన క్లబ్బుకి, నచ్చిన షరతులకి వెళ్ళగలిగితే, అందులో ఫాంటెన్ వాటా కూడా కొంత ఉంటుంది. దాన్ని ఏ స్కోరుబోర్డూ చూపించదు.