జాతుల నడుమ సత్యభాషణము

సత్యమును ప్రియముగా పలుకవలెనని పెద్దలు చెప్పిరి. కాని రెండు జాతుల నడుమ తరతరములుగా అన్యాయము సాగినచోట ప్రియమునకే పెద్దపీట వేసితిమేని సత్యము సభ వెలుపలనే నిలిచిపోవును. "జరిగినదేదో జరిగినది, ఇక అందఱము కలిసియుందము" అను మాట వినుటకు ఇంపుగనే యుండును. అయితే దాని నెవరు పలుకుచున్నారో చూడవలెను. దెబ్బతిన్నవాడు పలికెనేని అది క్షమ. కొట్టినవాడే పలికెనేని అది లెక్క చెప్పకుండ లేచిపోవుట. జాతివైరమును గూర్చి పదుగురిలో నిజాయితీగా మాటలాడుట యెట్లను ప్రశ్నకు ఒక దేశము చట్టము చేసి, సభ తీర్చి, గ్రంథరూపమున సమాధానము చెప్ప ప్రయత్నించినది. దక్షిణాఫ్రికాలోని సత్య సామరస్య సంఘము 1998 అక్టోబరులో అధ్యక్షుడు నెల్సన్ మండేలాకు సమర్పించిన ఐదు సంపుటముల నివేదికయే ఆ గ్రంథము. దాని గుణదోషములను విచారింతము.

1948 మొదలు ఆ దేశమున తెల్లవారి ప్రభుత్వము జాతిభేదమునే రాజనీతిగా చేసికొనెను. 1950 నాటి శాసనములు ప్రతి మనుష్యుని ఒక జాతి క్రింద నమోదు చేసి, ఏ జాతివారు ఏ పేటలో నివసింపవలెనో నిర్ణయించెను. 1994 లో అన్ని జాతులవారు ఓటు వేసిన ఎన్నికలతో ఆ పాలన యంతరించెను. మఱుసటి యేటి చట్టముచే ఈ సంఘ మేర్పడెను. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ దానికి అధ్యక్షత వహించెను. 1996 ఏప్రిలులో ఈస్టులండను పట్టణమున బహిరంగ విచారణలు మొదలయ్యెను; 21,000 లకు మించి బాధితుల వాఙ్మూలములు చేరెను.

సంఘము చేసిన మొదటి మంచిపని, బాధితులను తమ తమ భాషలలో మాటలాడనిచ్చుట. కొడుకును పోగొట్టుకొన్న తల్లి తన దుఃఖమును ఏలినవారి భాషలోనికి మార్చి విన్నవింప నక్కఱలేకపోయెను. అనువాదకులే ఆ శ్రమపడిరి. రేడియో, టెలివిజనులు ఆ మాటలను ఇంటింటికి చేర్చెను.

రెండవది యింతకన్న సూక్ష్మమైనది. నేరము చేసినవాడు క్షమాభిక్ష కోరినపుడు అతడు పశ్చాత్తాపపడెనా యని చట్ట మడుగలేదు. రాజకీయోద్దేశముతో చేసిన ఆ పనిని దాపరికము లేక పూర్తిగా చెప్పెనా యనియే యడిగెను. ఇది కఠినహృదయులకు అనుకూలమని యాక్షేపింపవచ్చును. మాకు మాత్ర మిదియే వివేకమని తోచుచున్నది. కన్నీరు నటింపవచ్చును, ఏ రాత్రి, ఎవరి యాజ్ఞచే, ఎవరిని, ఎట్లు కొట్టితిమో చెప్పుట నటనకు లొంగదు. మన ధర్మశాస్త్రములును ప్రాయశ్చిత్తమునకు ముందు పరిషత్తు నెదుట పాపమును ప్రకటింపుమనియే విధించినవి. ఈ నియమము పేరునకు మాత్రమే యుండినది కాదు. క్షమాభిక్షకై వచ్చిన 7,112 విన్నపములలో మన్నింపబడినవి 849 మాత్రమే. 1977 లో పోలీసు నిర్బంధమున గాయపడి మరణించిన స్టీవ్ బీకో విషయమున పోలీసులు చేసికొన్న విన్నపములు 1999 లో త్రోసివేయబడెను. వారు పూర్తి సత్యము చెప్పలేదనుట అందులకొక కారణము.

ఇక దోషము. చట్టము సంఘమునకు 1960 మార్చి మొదలు 1994 మే వఱకు గల కాలమునే యప్పగించెను. అందును హత్య, చిత్రహింస, అపహరణము మొదలగు ఘోరములనే ప్రధానముగ విచారింపుమనెను. జనసంఖ్యలో అధికభాగమైన నల్లవారికి దేశభూమిలో నూటికి సుమారు 7 వంతులు మాత్రమే విడిచిన 1913 నాటి భూమిచట్టము ఈ గడువునకు వెలుపల పడెను. దాని ఫలితమేమి? కొట్టిన పోలీసువాడు బోనులో నిలిచెను. ఎవరిని కొట్టక, ఇతరులను వెళ్లగొట్టిన పేటలో సుఖముగ ఇల్లు కట్టుకొన్న పెద్దమనుష్యుడు టెలివిజను ముందు కూర్చుండి "అయ్యో" యనెను. ఉగాండా పండితుడు మహమూద్ మందానీ చేసిన ప్రధానాక్షేపణ యిట్టిదే: లాభపడినవారు లెక్కలోనికి రాలేదు. 1997 లో వర్తకులను, పత్రికలను, వైద్యులను, మతసంస్థలను గూర్చి సంఘము ప్రత్యేక విచారణలు జరిపెననుట నిజమే. కాని న్యాయమూర్తులు వ్రాతమూలముగ బదులిచ్చిరేగాని స్వయముగ రాలేదు.

సత్యమునకు వెఱచినవారు ఒక పక్షముననే లేరు. మాజీ అధ్యక్షుడు బోతా పిలిచినను రాలేదు. డి క్లర్క్ న్యాయస్థానము నాశ్రయింపగా ఆయనను గూర్చిన భాగమును నల్లసిరాతో కప్పి అచ్చువేయవలసివచ్చెను. స్వాతంత్ర్యమునకై పోరాడిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసు సైతము తన తప్పులు వ్రాయబడినవని నివేదికను ఆపింపజూచి కోర్టులో ఓడిపోయెను. ఇరుపక్షములకును అప్రియమగుటయే గ్రంథము నమ్మదగినదనుటకు ఒక గుఱుతు.

ఈ కథలో తెలుగువారికిని పాలు కలదు. 1860 మొదలు చెన్నపట్టణపు రేవునుండి నేటాలు చెఱకుతోటలకు కూలి ఒడంబడికపై పోయినవారిలో మనవారు కలరు. వారి సంతతివారు పేటలనుండి గెంటివేయబడిన సంగతి మనము జాలితో చెప్పుకొందుము, చెప్పుకొనవలసినదే. కాని 1949 జనవరిలో డర్బనులో ఆఫ్రికనులు భారతీయులపై తిరుగబడినపుడు 142 మంది మరణించిరి. మృతులలో ఆఫ్రికనులే యధికులు. 1984 లో అమలునకు వచ్చిన రాజ్యాంగము భారతీయులకు శాసనసభలో ఒక యర నిచ్చి, ఆఫ్రికనులకు ఏమియు నియ్యలేదు. భారతీయులలో అనేకులు ఆ యెన్నికలను బహిష్కరించి గౌరవము నిలుపుకొనిరి. మనవారు పడిన బాధ, వారికి దక్కిన మెట్టు, దానిని త్రోసిపుచ్చినవారి తెగువ, ఈ మూడింటిని కలిపి చెప్పినప్పుడే కథ పూర్ణమగును.

మాటతోనే ఋణము తీరదనుటకును ఈ నివేదికయే సాక్షి. బాధితులకు ఆఱేండ్లపాటు ఏటేట ధనసహాయము చేయుడని సంఘము సూచింపగా, ప్రభుత్వము 2003 లో ఒక్కసారిగ 30,000 రాండ్లిచ్చి సరిపెట్టెను. నిజము చెప్పిన తల్లికి నిజముగ నీయవలసినది మిగిలియే యున్నది.

చదువరులారా, ఎదుటిజాతివారిని "మఱచిపొండు" అని యడుగుటకు ముందు మనము చెప్పవలసినవి రెండు కలవు: మనము చేసినదేమి, మనకు దక్కినదేమి. మొదటిదానిని దక్షిణాఫ్రికా కొంతవఱకు చెప్పించెను, రెండవదానిని చెప్పింపలేకపోయెను. మన యిండ్లలో పిల్లలకు పరజాతులను గూర్చి చెప్పునపుడు ఈ రెండవ ప్రశ్నతోనే మొదలిడుదము.