బ్రౌజర్ ఉన్నట్టుండి మూతపడితే

ఇంట్లో కంప్యూటర్ మీద బ్రౌజర్ క్రాష్ అయిందనే మాట కింద మూడు వేర్వేరు సంగతులుంటాయి. తెరిచిన పేజీల్లో ఒకటి మాత్రమే పోయి, మిగతావి మామూలుగా నడవడం మొదటిది. బ్రౌజర్ మొత్తం చెప్పాపెట్టకుండా తెర మీంచి మాయమవడం రెండోది. కంప్యూటరే ఆగిపోవడమో, దానంతటది రీస్టార్ట్ అవడమో మూడోది. వీటికి కారణాలు వేరు, వెతకాల్సిన చోట్లూ వేరే. జరిగింది ఏదో చూసుకోకుండా మరమ్మతుకు దిగితే పని రెట్టింపవుతుంది, ఫలితం మాత్రం ఉండదు.

ఒక్క పేజీ మాత్రమే పోవడం ఈ తరం బ్రౌజర్ల నిర్మాణం వల్ల వచ్చిన మేలు. ఒకప్పుడు ఒక పేజీలో ఫ్లాష్ వీడియో మొరాయిస్తే తెరిచి ఉన్న కిటికీలన్నీ ఒక్కసారిగా పోయేవి. 2008 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ పేజీలను వేర్వేరు ప్రాసెస్‌లుగా నడిపే పద్ధతిని జనంలోకి తెచ్చింది. ఫైర్‌ఫాక్స్ 2016 ఆగస్టులో 48వ వెర్షన్‌తో ఆ దారికి రావడం మొదలుపెట్టింది. 2018లో క్రోమ్ ఇంకో అడుగు వేసి, ఒక సైటు సమాచారం ఇంకో సైటుకు చిక్కకుండా సైట్లను కూడా విడదీసింది. దాంతో భద్రత పెరిగింది. ర్యామ్ మీద భారమూ పెరిగింది.

ఆ భారం పాత యంత్రాల మీదే ఎక్కువగా పడుతుంది. చంద్రశేఖరపురంలో ఒక ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్ మీద ఒక విద్యార్థి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటున్నాడనుకుందాం. పక్క ట్యాబ్‌లో యూట్యూబ్, ఇంకో దానిలో వాట్సాప్ వెబ్, మరో దానిలో కాలేజీల జాబితా పీడీఎఫ్ తెరిచి ఉంటాయి. అన్నీ కలిసి ర్యామ్‌ను నింపేస్తే విండోస్ డిస్కులో కొంత చోటును ర్యామ్‌కు తోడుగా వాడుకుంటుంది. సీ డ్రైవ్ కూడా నిండిపోయి ఉంటే ఆ తోడూ దొరకదు. అప్పుడు ఏదో ఒక ట్యాబ్ "అవుట్ ఆఫ్ మెమరీ" అంటూ పడిపోతుంది. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుని, ఏ పేజీ ఎంత మెమరీ తింటోందో చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ గడిలో "అబౌట్:ప్రాసెసెస్" అని కొడితే అదే లెక్క వస్తుంది. కౌన్సెలింగ్ లాంటి పనికి కూర్చునే ముందు ఈ జాబితా ఒకసారి చూసి, అక్కర్లేనివి మూసేస్తే చాలా వరకు గండం గడుస్తుంది.

బ్రౌజర్ మొత్తంగా మూతపడుతుంటే వరుస పాటించాలి. పశ్చిమ ప్రకాశంలో బోరు మోటారు నీళ్లు పోయకపోతే మెకానిక్ రాగానే పైపులు పైకి లాగడు. ముందు ఫ్యూజు చూస్తాడు, ఆపైన స్టార్టరు, కెపాసిటరు, కేబులు చూస్తాడు. వందల అడుగుల లోతు నుంచి మోటారు లాగించడం ఖర్చుతో కూడిన పని కనుక దాన్ని చివరికి ఉంచుతాడు. ఇక్కడా అంతే. సులువుగా చేసి, సులువుగా వెనక్కి తీసుకోగలిగిన పరీక్షలు ముందు రావాలి. పోయిన సమాచారం తిరిగి రాని పనులు చివరన ఉండాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే, క్రాష్ ఆగినా ఏది ఆపిందో తెలియదు.

కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి, బ్రౌజర్‌ను అప్‌డేట్ చేశాక కూడా తీరు మారకపోతే అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీదికి వెళ్లాలి. యాడ్ బ్లాకర్లు, వీడియోలు దింపుకునేవి, కూపన్లు వెతికేవి, ఏ సాఫ్ట్‌వేర్‌తోనో కలిసి వచ్చి తిష్ఠ వేసినవి ఈ కోవలోకి వస్తాయి. ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఇవి క్రోమ్ ఇన్‌కాగ్నిటో కిటికీలో పనిచేయవు. కనుక అదే పేజీని ఇన్‌కాగ్నిటోలో తెరిచి చూడటం మొదటి పరీక్ష. ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ మెనూలో ఉండే ట్రబుల్‌షూట్ మోడ్ ఆ పని చేస్తుంది. అక్కడ క్రాష్ లేదంటే దోషి ఎక్స్‌టెన్షన్లలోనే ఉండే అవకాశం ఎక్కువ. పదహారు ఉంటే పదహారూ ఒక్కొక్కటిగా ఆపి చూడనక్కర్లేదు. సగం ఆపి చూసి, ఏ సగంలో తప్పుందో తేల్చి, దాన్ని మళ్లీ సగం చేసుకుంటూ పోతే నాలుగు పరీక్షల్లో దోషి దొరుకుతుంది. ప్రోగ్రామర్లు పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లలో తప్పు పట్టుకునేదీ ఈ పద్ధతిలోనే. ఇంట్లో వాడుకోవడానికి ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు.

వీడియో చూస్తున్నప్పుడో, మ్యాప్ లాగుతున్నప్పుడో మాత్రమే పడిపోతుంటే గ్రాఫిక్స్ వైపు చూడాలి. బ్రౌజర్ బొమ్మలు గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగిస్తుంది. ఆ చిప్ డ్రైవర్ పాతదైతే అక్కడ తేడా వస్తుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ భాగంలో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్‌ను ఆపేస్తే విషయం తేలిపోతుంది. తేలాక దాన్ని అలాగే ఆపి వదిలేయకుండా, డ్రైవర్ మార్చి మళ్లీ ఆన్ చేయడం మంచిది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో క్రాష్ నమోదు తెరిచి చూస్తే "ఫాల్టింగ్ మాడ్యూల్" అనే వరుసలో పడిపోయిన ఫైలు పేరు ఉంటుంది. ఆ పేరు గ్రాఫిక్స్ డ్రైవర్‌దో, యాంటీవైరస్‌దో అయితే వెతుకులాట అక్కడికి సగం అయినట్టే.

ఇక ప్రొఫైల్. హిస్టరీ, కుకీలు, పాస్‌వర్డులు, సెట్టింగులు ఉండే ఫోల్డర్ ఇది. క్రోమ్‌లోనైనా, ఫైర్‌ఫాక్స్‌లోనైనా ఇందులో చాలా భాగం ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైళ్లుగా ఉంటుంది. వేసవి సాయంత్రం గాలివాన మొదలై కరెంటు పోయి వచ్చి మళ్లీ పోతే, యూపీఎస్ లేని కంప్యూటర్ రాస్తున్న రాత మధ్యలో ఆగిపోతుంది. ఇలాంటి దెబ్బలను తట్టుకునేలానే ఎస్‌క్యూలైట్‌ను కట్టారు. కానీ డిస్కే పాతబడి తడబడుతుంటే ఆ రక్షణ నిలవదు. పాడైన ప్రొఫైల్‌తో బ్రౌజర్ తెరవగానే మూతపడవచ్చు. కొత్త ప్రొఫైల్ ఒకటి సృష్టించి అందులో నడిపి చూడటం దీనికి పరీక్ష. పాతదాన్ని చెరపకుండా పక్కన ఉంచాలి, బుక్‌మార్కులు దానిలోంచి తెచ్చుకోవచ్చు.

బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించినా బాగుపడని కేసుల గుట్టు ఇక్కడే ఉంది. ప్రత్యేకంగా టిక్ పెట్టి చెరిపేయమని చెబితే తప్ప, తీసేసినప్పుడు ప్రొఫైల్ డిస్కులోనే ఉండిపోతుంది. కొత్తగా ఎక్కించిన బ్రౌజర్ పాత ప్రొఫైల్‌నే తెరిచి పాత రోగంతోనే లేస్తుంది. ఆ విసుగులో ఫార్మాట్ కొట్టించడం వైపు మనసు పోతుంది. అంతకన్నా నష్టం కలిగించే అలవాటు ఈ విషయంలో మరొకటి లేదు. విండోస్ మీద క్రోమ్ దాచే పాస్‌వర్డులు ఆ విండోస్ ఖాతాకు ముడిపడిన తాళంతో భద్రమవుతాయి. ఫార్మాట్ తర్వాత పాత ఫైలును కాపీ చేసి తెచ్చినా అవి తెరుచుకోవు. గూగుల్ ఖాతాతో సింక్ చేయనివి, ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోనివి పోయినట్టే.

తప్పు యంత్రంలోనూ లేకుండా, ప్రొఫైల్‌లోనూ లేకుండా, చదువుతున్న అక్షరంలోనే ఉండొచ్చని 2018 ఫిబ్రవరిలో తెలిసింది. అదీ తెలుగు అక్షరమే. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో, మ్యాక్ కంప్యూటర్లలో "జ్ఞా" రూపంలోని ఒక అక్షరం తెర మీదికి వస్తే ఆ యాప్ అక్కడికక్కడే కూలిపోయేది. మెసేజ్ యాప్‌లే కాదు, సఫారీ బ్రౌజర్ కూడా పడిపోయింది. మామూలుగా టైపు చేసిన జ్ఞానం, విజ్ఞానం ఎవరి ఫోన్‌నూ ఆపలేదు. విద్యార్థుల ఫీజుల పథకాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపే జ్ఞానభూమి పోర్టల్ పేరులోనూ ప్రమాదం లేదు. ప్రమాదకరమైన వరుస ఇది: జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు, చివరన దీర్ఘం. ఆ కనిపించని గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. తెలుగు టైపు చేసేవారికి అది రోజువారీ పనిముట్టు. "ఫేస్‌బుక్" అని రాసినప్పుడు బ కిందికి దిగి ఒత్తుగా మారకుండా, స మీద పొల్లు నిలబడేది దాని వల్లే. రాతలో అది రాకూడని చోట, అంటే ఒత్తుకూ గుణింతానికీ మధ్య వచ్చినప్పుడు, అక్షరాలను పేర్చే యాపిల్ కోర్‌టెక్స్ట్ లెక్క తప్పి మెమరీని పాడుచేసింది. ఇది ఒక్క జ్ఞతోనే కాదు, తెలుగులో ఇతర సంయుక్తాక్షరాలతోనూ, దేవనాగరి, బెంగాలీ లిపుల్లో కొన్నిటితోనూ జరుగుతుందని పరిశీలించినవారు చూపించారు. 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తోపాటు మ్యాక్‌కూ యాపిల్ సవరణ విడుదల చేసింది.

ఇంటి కంప్యూటర్‌కు ఈ ఘటన నుంచి పనికొచ్చే సంగతి ఒకటుంది. క్రాష్‌కు పేజీలోని సరుకే కారణమైతే, బ్రౌజర్ తిరిగి లేచి పాత ట్యాబ్‌లను తెరిచిన ప్రతిసారీ అదే పేజీ వచ్చి మళ్లీ కూల్చేస్తుంది. అప్పుడు పాత ట్యాబ్‌లను పునరుద్ధరించమనకూడదు. వరుసగా పడిపోయిన ఫైర్‌ఫాక్స్ తిరిగి లేచేటప్పుడు ట్యాబ్‌ల జాబితా చూపించి అడుగుతుంది. అనుమానమున్న పేజీకి టిక్ తీసేసి మిగతావి తెచ్చుకోవచ్చు.

మూడో రకం, కంప్యూటరే ఆగిపోవడం, బ్రౌజర్ తప్పు కావడం అరుదు. ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్ పవర్ 41" కనిపిస్తే యంత్రం సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని అర్థం. కరెంటు, పవర్ సప్లై, వేడి చూసుకోవాలి. మార్కాపురం, గిద్దలూరు వైపు ఎండలు ముదిరినప్పుడు మూసిన గదిలో, దుమ్ము పట్టిన ఫ్యానుతో ప్రాసెసర్ చల్లబడదు. ప్లగ్గు పీకేసి, సీపీయూ డబ్బా మూత తీసి, ఫ్యాను కదలకుండా పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి. ఒకసారి బ్రౌజర్, ఇంకోసారి ఎక్సెల్, మరోసారి నీలి తెర, ఇలా పడేది మారుతూ ఉంటే ర్యామ్‌ను అనుమానించాలి. స్టిక్ బయటికి తీసి, బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో సున్నితంగా తుడిచి, పొడి దులిపి గట్టిగా కూర్చోబెడితే చాలాసార్లు కుదురుకుంటుంది. కుదురుకోకపోతే విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నొస్టిక్ నడపాలి.

విండోస్ 7 మీద నడిచే ఇళ్లకు ఇంకో హద్దు ఉంది. క్రోమ్ 109 తర్వాతి వెర్షన్లు దాని మీద ఎక్కవు, 2023 ఫిబ్రవరి నుంచి క్రోమ్‌కు కనీసం విండోస్ 10 తప్పనిసరి. కొత్తగా కట్టిన ప్రభుత్వ, బ్యాంకు పేజీలు పాత బ్రౌజర్‌లో తడబడుతుంటే దాన్ని సెట్టింగులతో సరిచేయలేం.

ఇన్ని చూశాక కూడా ఒక పేజీ దగ్గరే క్రాష్ నిలకడగా వస్తుంటే అది బ్రౌజర్ తయారీదారులకు చేరాలి. ఫైర్‌ఫాక్స్‌లో "అబౌట్:క్రాషెస్", క్రోమ్‌లో "క్రోమ్://క్రాషెస్" తెరిస్తే ఒక్కో సంఘటనకు ఒక గుర్తింపు సంఖ్య కనిపిస్తుంది. ఆ సంఖ్య, బ్రౌజర్ వెర్షన్, ఏం చేస్తే పడిపోతుందో రెండు ముక్కలు రాసి పంపాలి. కారణం తెలుగు రాతే అనిపిస్తే ఆ అక్షరాన్ని ఫిర్యాదులో అతికించకూడదు, చదివేవారి బ్రౌజర్ కూడా పడిపోవచ్చు. దాని యూనికోడ్ సంఖ్యలను వరుసగా రాయాలి, కనిపించని గుర్తు సంఖ్య 200సి తో సహా.